కొత్త డబ్బాలో కుదురుకోని పిల్ల టరాంటులా: సమస్య - పరిష్కారం

చింతగింజంత టరాంటులా (ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద జాతి సాలీడు) పిల్లను కొత్త డబ్బాలోకి మార్చాక మొదటి పదిహేను రోజులు పెంచేవాళ్లకు కంటిమీద కునుకు ఉండదు. తినడం లేదని, గోడ దిగడం లేదని, చచ్చిపోయిందేమోనని రోజుకు ఇరవైసార్లు మూత తీసి చూస్తారు. విజయనగరంలో మా ఇంట్లో ఆరేళ్లుగా కర్లీ హెయిర్ టరాంటులాలు పెరుగుతున్నాయి. మధ్య అమెరికాకు చెందిన నేల సాలీడు ఇది. ఈ పదిహేను రోజుల్లో కనిపించే లక్షణాల్లో చాలావాటికి దాని జోలికి వెళ్లకపోవడమే మందు. వెంటనే కదలవలసిన సందర్భాలు కొన్నే. వాటిని గుర్తుపట్టడం కోసమే ఇది రాస్తున్నాను.

గోడకే అతుక్కుని ఉంది, పొట్టు మీద కాలు పెట్టడం లేదు

రెండు మూడు రోజులైతే సహజం. వారం దాటినా దిగకపోతే అడుగున పోసిన పొట్టును అనుమానించండి. ఉద్దానం కొబ్బరి తోటల పుణ్యమా అని మనకు కొబ్బరి పొట్టుకు కొదవ లేదు. అయితే పీచును ఉప్పునీటిలో నానబెట్టి తీసి ఉంటే ఆ ఉప్పు పొట్టులోనే నిలిచిపోతుంది. మంచినీటిలో మూడు నాలుగుసార్లు కడిగి, పిండి, ఎండలో ఆరబెట్టాలి. చివరిసారి కడిగిన నీటి చుక్కను నేను నాలుకకు తగిలించి చూస్తాను. ఉప్పు తెలిస్తే మళ్లీ కడుగుతాను.

రెండో కారణం తడి. పొట్టును గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. గుప్పిట విప్పితే ముద్ద నిలవాలి, వేలితో తాకగానే విడిపోవాలి. నీరు కారితే పైపొర ఆరనిచ్చి, ఒక్క మూలను మాత్రం చెమ్మగా ఉంచండి. వదులుగా పోసిన పొట్టులో కాళ్లు దిగబడతాయి కాబట్టి అరచేత్తో అదమండి.

పొట్టుకూ మూతకూ మధ్య ఎత్తు, సాలీడు కాళ్లు చాపిన వెడల్పుకు ఒకటిన్నర రెట్లు మించకుండా చూడండి. ఎత్తునుంచి పడితే దాని పొట్ట చిట్లిపోవచ్చు.

రాత్రంతా మూలమూలలా తిరుగుతోంది

దాక్కునే చోటు లేదన్నమాట. కొబ్బరి చిప్ప ముక్కను సగం పూడ్చి, దాని కింద పెన్సిలుతో చిన్న గుంత చేయండి. మిగతాది అదే తవ్వుకుంటుంది. చిప్ప ఉన్నా తిరుగుతుంటే అదురు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. టరాంటులాకు చూపు అంతంతమాత్రం. కాళ్ల మీది వెంట్రుకలతోనే లోకాన్ని తెలుసుకుంటుంది. ఫ్రిజ్ మీద, మిక్సీ గట్టు మీద, సౌండ్ బాక్సు పక్కన డబ్బా పెట్టకూడదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో నేను డబ్బాను లోపలి గదిలోకి మార్చి, కింద తువాలు నాలుగు మడతలు వేసి పెడతాను.

మేత ముట్టడం లేదు

కారణాలు మూడు. మొదటిది కొత్త చోటు. మార్చిన వారం రోజులు అసలు మేతే వేయకండి. రెండోది మేత సైజు. మేత పురుగు సాలీడు పొట్టకంటే పెద్దదైతే పిల్ల భయపడి పారిపోతుంది. చిన్న కీచురాయి గానీ, మీల్‌వార్మ్‌ను (మేతగా అమ్మే పిండిపురుగు) కోసిన ముక్క గానీ గుంత ముందు పెట్టండి. ఇంట్లో దొరికిన బొద్దింకను మాత్రం వేయకండి, అది ఏ మందు తిని ఉందో తెలియదు. మర్నాటికి తినకపోతే తీసేయండి.

మూడోదే అసలైన కారణం, కుబుసం. పొట్ట ఉబ్బి, నల్లబడి, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటే కుబుసం విడవబోతోందని అర్థం. కొన్ని గుంత నోరు పొట్టుతో మూసేసుకుని వారాల తరబడి బయటికి రావు. నా మొదటి పిల్ల అలా మూసుకున్న ఇరవై మూడో రోజున ఓపిక పట్టలేక చెంచాతో తవ్వాను. అది సరిగ్గా పాత తోలులోంచి కాళ్లు లాక్కుంటోంది. ఒక కాలు వంకరగానే గట్టిపడింది. తర్వాతి కుబుసాల్లో అది సరైంది గానీ, ఆ నెలలన్నీ కుంటుతూ నడుస్తుంటే చూడలేకపోయాను. దయచేసి తవ్వకండి. లోపల పెట్టిన సీసా మూతలో నీళ్లు, ఒక మూల చెమ్మ ఉంటే దానికి చాలు.

వెల్లకిలా పడి ఉంది / కాళ్లు కిందికి ముడుచుకుంది

ఈ రెండూ ఒకటి కావు. వెల్లకిలా పడి, కాళ్లు పైకి ఉంటే అది కుబుసం విడుస్తోంది. ముట్టుకోకండి, ఊదకండి, నీళ్లు చల్లకండి. వీపు పైడొప్ప మూతలా ఊడివస్తుంది, తర్వాత ఒక్కో కాలూ చేతి తొడుగులోంచి వేళ్లు తీసినట్టు జారుతుంది. కొత్త కోరలు పాలలా తెల్లగా ఉంటాయి. అవి ఎర్రబడి, నల్లబడేదాకా మేత వద్దు. పిల్లలకు వారం పది రోజులు పడుతుంది. ఆ లోపల డబ్బాలో బతికున్న కీచురాయి ఉంటే మెత్తని ఒంటిని కొరికి చంపగలదు.

బోర్లా ఉండి, కాళ్లన్నీ శరీరం కిందికి ముడుచుకుంటే అది ప్రమాదం. సాలీడు ఒంటిలోని ద్రవాన్ని ఒత్తిడితో నెట్టి కాళ్లు చాపుతుంది. నీరు ఇంకిపోతే చాపలేదు. వెంటనే సీసా మూతలో నీళ్లు పోసి, నోరు నీటి అంచుకు తగిలేలా, పొట్ట మాత్రం బయటే ఉండేలా మెత్తని బ్రష్‌తో జరపండి. శ్వాసరంధ్రాలు పొట్ట అడుగున ఉంటాయి, అవి మునగకూడదు. కొన్ని గంటల్లో కాళ్లు చాపితే గండం గడిచినట్టే.

నీళ్లున్నా ముడుచుకుంటే దోమల మందు పని కావచ్చు. దోమల చుట్టల్లో, ద్రవ మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు సాలీళ్లనూ చంపుతాయి. ఆ గదిలో డబ్బా ఉండకూడదు. వీధిలో దోమల పొగ వదిలే రోజున కిటికీలు మూసి, పొగ వెళ్లిపోయేదాకా తెరవకండి. చీమల సుద్దముక్క, నాఫ్తలీన్ ఉండలు కూడా దూరంగానే.

చీమలు, బూజు

పాల గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే డబ్బానూ పెట్టండి, చీమలు చేరవు. బూజు పడితే డబ్బా పక్కలకు ఎదురెదురుగా సన్నని రంధ్రాలు చేసి గాలి ఆడనివ్వండి, ఎంగిలి ముక్కలు ఏరేయండి.

వేసవిలో నీరసించింది

24 నుంచి 28 డిగ్రీలు దానికి హాయి. మే నెల ఎండల్లో కిటికీ పక్కనున్న డబ్బా గంటలోనే పొయ్యి అవుతుంది. ఇంట్లో చల్లని గదిలో నేలమట్టానికి దించి, మూతలో నీళ్లు ఎండకుండా చూడండి. వేడినిచ్చే మ్యాట్లు మన జిల్లాల్లో అక్కర్లేదు.

కొనేముందు మరొక్క సంగతి. కర్లీ హెయిర్ అంతర్జాతీయ సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) జాబితాలో ఉంది. అలాంటి విదేశీ జీవులను పెంచితే వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అమ్మేవారి దగ్గర కాగితాలు లేకపోతే కొనకండి. తూర్పు కనుమల చెట్ల తొర్రల్లో ఉండే మన పోసిలోథీరియా సాలీళ్లను ఎవరైనా సీసాలో పట్టి తెచ్చినా తీసుకోకండి. వాటి కాటుకు కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. వాటిని 2019లోనే సైటీస్‌లో చేర్చారు. ఏ చెట్టు మీద దొరికిందో అడిగి, అక్కడికే చేర్చమని చెప్పండి.