బడిలో కాపలా లేని కొట్టు పెట్టాలంటే

తొమ్మిదో తరగతిలో ఒకడు లేచి అడిగాడు: "సార్, మనిషి పుట్టుకతో మంచోడా, చెడ్డోడా?" నేను సోషల్ చెప్పేవాణ్ణి కదా, చైనా ముచ్చట ఎత్తుకున్నాను. క్రీస్తుకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందు మెన్షియస్ అనే తత్వవేత్త, పసిబిడ్డ బావిలో పడబోతుంటే చూసినవాడెవడికైనా గుండె గతుక్కుమంటుంది, మంచి లోపలే ఉంది అన్నాడు. తర్వాత వచ్చిన షున్‌జీ ఒప్పుకోలేదు. వంకర కర్రని ఆవిరి పట్టి సాపు చేసినట్టు మనిషిని సరిచేయాల్సిందే అన్నాడు. క్లాసు రెండు ముక్కలైంది. అరుపులు తప్ప ఏమీ తేలలేదు. సరే, ఎవరూ కాపలా ఉండని కొట్టు పెట్టి చూద్దామన్నాను: కావాల్సింది తీసుకుని డబ్బులు ఎవరికి వాళ్లే వేయాలి.

మీరూ పెట్టాలనుకుంటే బల్ల ఒకటి, 600 రూపాయల సరుకు చాలు. పెన్నులు, పెన్సిళ్లు, రబ్బర్లు, మ్యాపులు, గ్రాఫ్ పేపర్లు. వరండాలో అందరూ తిరిగే చోట వేయండి. మూలన వేస్తే కొనడానికొచ్చినవాడికే దొంగతనంలా ఉంటుంది. తినేవి మాత్రం వద్దు. ఒకసారి వేరుశనగ చిక్కీలు పెట్టాను. ఆకలి మీదున్న పిల్లల నిజాయితీని కొలవబోయినందుకు నాకే సిగ్గేసింది.

మొదటివారం డబ్బులు వేయడానికి తాళం వేసిన డబ్బా పెట్టాను. 43 రూపాయలు తక్కువొచ్చాయి. షున్‌జీయే గెలిచాడనుకున్నాను. సోమవారం ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూస్తే సంగతి తెలిసింది. ఏడో తరగతి పిల్ల, చేతిలో పది నోటు, కావాల్సింది మూడు రూపాయల పెన్సిల్. డబ్బా సందులోకి తొంగి చూసింది. పెన్సిల్ తీసింది, పెట్టేసింది, మళ్లీ తీసింది. బెల్లు కొట్టగానే నోటు గుప్పిట్లోనే పట్టుకుని పెన్సిల్‌తో పరిగెత్తింది. దాని బాధ చిల్లర!

ఆ రోజే డబ్బా తీసేసి, స్టీలు పళ్లెంలో 50 రూపాయల చిల్లర పోసి పెట్టాను. పక్కన అప్పుల పుస్తకం. అందులో పేర్లు ఉండవు, వస్తువూ ధరా రాసుకుని, డబ్బు వేశాక దాని మీద గీత కొట్టేయడమే. రెండోవారం తరుగు 11 రూపాయలు. తర్వాత మామూలుగా ఐదూ ఆరూ దాటలేదు. ఒక్కరోజు మాత్రం పళ్లెంలోంచే 20 పోయాయి. అలాంటప్పుడు ప్రేయర్‌లో నిలబెట్టి విచారణ చేయకండి. తరుగులో రాసేసి ఊరుకోండి.

హెడ్మాస్టరు గారు కెమెరా పెడదామన్నారు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీ వాళ్లు 2006లో అచ్చు వేసిన ప్రయోగం సంగతి చెప్పాను. వాళ్ల టీ గదిలో, టీ తాగినవాళ్లు ఎవరికి వాళ్లే డబ్బులు వేసే పెట్టె పైన ఒకవారం పూల బొమ్మ, ఒకవారం కళ్ల బొమ్మ అంటించారు. కళ్లున్న వారాల్లో దాదాపు మూడింతల డబ్బు పడింది. తర్వాత ఇలాంటివి చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదనుకోండి. ఆయన వెంటనే "అయితే కళ్లే గీయించండి" అన్నారు. అదీ కాపలాయే కదండీ, ఇక మనం తెలుసుకునేదేముంది అన్నాను.

శనివారం ఇద్దరు పిల్లలతో లెక్క కట్టించి తరుగెంతో బోర్డు మీద రాయించండి. వారం వారం జంటని మార్చండి. ఆ పూట చెప్పడానికి మంచి కథ ఒకటుంది. పరిశోధకులు కొందరు 40 దేశాల్లో 17 వేలకు పైగా పర్సులు "దొరికాయి" అని కౌంటర్లలో ఇచ్చి, ఎన్ని తిరిగొస్తాయో చూశారు. 2019లో ఫలితం అచ్చయింది. ఖాళీ పర్సులెక్కువ తిరిగొచ్చాయా, డబ్బున్నవా? ముందు పిల్లల్ని ఊహించమనండి. మా క్లాసులో అందరూ ఖాళీవే అన్నారు. దాదాపు అన్ని దేశాల్లోనూ డబ్బున్నవే ఎక్కువ తిరిగొచ్చాయి.

దసరా సెలవుల ముందు మొత్తం సరుకు లెక్క చూశాం. పెన్సిళ్లు, నీలం పెన్నులు ఇంచుమించు సరిపోయాయి. ఎర్ర పెన్నులు 12 పోతే మూడింటికే డబ్బులున్నాయి. మా బడిలో పిల్లలు ఎర్ర పెన్ను వాడరు. పేపర్లు దిద్దేవాళ్లం ఎనిమిది మందిమి. లెక్క చూసిన అమ్మాయి "ఎర్ర పెన్నులు: 9 తక్కువ" అని బోర్డు మీద రాసి, సుద్దముక్క నా చేతికిచ్చి వెళ్లి కూర్చుంది. ఒకటి నా చొక్కా జేబులోనే ఉంది.