నీటి పక్షుల గుర్తింపు, ఆరో పాఠం: మగ బాతులు ఎక్కడ?

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన పక్షుల లెక్కలన్నీ చదివాను. షోవెలర్ అనే పారముక్కు బాతుల గురించి చాలామంది ఒకే మాట రాశారు: "షోవెలర్ల గుంపు కనిపించింది, అన్నీ ఆడవే." ఈసారి పక్షుల కూతల పాఠం మొదలుపెడదామనుకున్నాను. అవి ఆగాలి, ముందు ఈ చిక్కు తీరాలి.

ఆ గుంపులో మగవీ ఉన్నాయి. వాటిని మీరు చూసి కూడా ఆడవాటి కిందే లెక్కవేశారు. ఆకుపచ్చ తల, తెల్లటి రొమ్ము ఉన్న మగ షోవెలర్‌ను వర్ణించాను కానీ, ఆ రంగులు ఏడాది పొడవునా ఉండవని చెప్పలేదు. అది నా లోపమే.

సంతాన కాలం ముగిశాక మగ బాతులు రంగుల ఈకలు రాల్చేసి ఆడవాటిలా మట్టిరంగుకు మారతాయి. దీన్ని ఎక్లిప్స్ అంటారు. అదే సమయంలో ఎగిరే ఈకలన్నీ ఒక్కసారిగా ఊడతాయి. మూడు నాలుగు వారాలు ఎగరలేని పక్షికి రంగులు ప్రాణాంతకం. శరత్కాలంలో చిత్తడి నేలకు చేరేసరికి రెక్కలు మొలిచి ఉంటాయి, ఒంటి రంగు మాత్రం పూర్తిగా తిరిగిరాదు.

రెక్క ఈకలు మారేది ఏడాదికి ఒక్కసారే, కనుక రెక్క రంగు ఎక్లిప్స్‌లోనూ నిలుస్తుంది. కాబట్టి ఒళ్లు దాచినదాన్ని రెక్క చెబుతుంది. ఎదిగిన మగ షోవెలర్ రెక్క ముందుభాగం ఎక్లిప్స్‌లోనూ లేత నీలమే, ఆడదానికి వెలిసిన బూడిద నీలం. ఎదిగిన మగ విజియన్ బాతుకు అక్కడ తెల్లటి మచ్చ. గార్గనీ బాతుల్లో మగవి చలికాలం చాలావరకు మట్టిరంగులోనే ఉంటాయి కనుక వాటికి రెక్క తప్ప దారి లేదు. మల్లార్డ్ బాతు సులువు: మగదాని ముక్కు పసుపు, ఆడదానిది నల్లమరకల నారింజ.

మరి రెక్క కనిపించేదెలా? నేను టెలిస్కోపుతో గుంపంతా గాలించను. స్నానం చేస్తున్న ఒక బాతు మీదే చూపు నిలిపి కూర్చుంటాను. స్నానం అయ్యాక అది నీటిమీద నిటారుగా లేచి రెక్కలు విదిలిస్తుంది. ఆ రెండు క్షణాలు చాలు. రెక్క చూడాలని చప్పట్లు కొట్టి గుంపును లేపకండి. దూరం ఎగిరి వచ్చిన పక్షులవి, వాటికి తిండీ విశ్రాంతీ కావాలి.

ఇక నన్ను బాధపెట్టే విషయం. మట్టిరంగు కనబడగానే "ఆడది" అని రాయడం. కంటి రంగు చూశామని కొందరు వాదించారు. పసుపు కన్ను ఎదిగిన మగ షోవెలర్‌కు మంచి గుర్తే. కానీ ముదురు కన్ను ఉన్నంత మాత్రాన ఆడదని తేలదు, ఆ ఏడాది పుట్టిన మగపిల్లకూ కన్ను ముదురుగానే ఉంటుంది. అలాగే తెల్లమచ్చ లేని విజియన్ కుర్ర మగది కావచ్చు. తెలియనప్పుడు "మట్టిరంగు" అనే రాయండి. ఒక్కసారి "ఆడ" అని పుస్తకంలో ఎక్కితే, తర్వాత చదివేవారు మగవి రాలేదని నమ్ముతారు.

అభ్యాసం: ఒకే గుంపును వారానికొకసారి, ఆరు వారాలు చూడండి. ప్రతిసారీ గంటసేపు. మగ, ఆడ, మట్టిరంగు అని మూడు వరసలు గీసి, మగదని రాసిన ప్రతి పక్షి పక్కన ఎందుకో రాయండి: రెక్కా, ముక్కా, కన్నా? ఫోటోలు వద్దు, పెన్సిల్ గీతలు పంపండి.