ఇంటికొచ్చాక మందులు – రెండో పాఠం: పాత డబ్బా, కొత్త చీటీ

పోయిన పాఠంలో ఒకే ఒక్క పని చెప్పాను. ఇంట్లో ఎక్కడెక్కడో ఉన్న మందులన్నీ ఒక బల్ల మీదికి చేర్చమని. దిండు కింద స్ట్రిప్పు, బ్యాగులో మిగిలిన రెండు బిళ్ళలు, ఫ్రిజ్‌లో చుక్కల మందు, ఎవరో మంచిదన్నారని తెచ్చుకున్న చూర్ణం, విటమిన్లు, అన్నీ. చేసి ఉంటే ఈ పాఠానికి సరంజామా సిద్ధం. చెయ్యకపోతే ముందు ఆ పని చేసి రండి. ఇది చదివి పక్కన పెట్టే పాఠం కాదు, చేత్తో చేసేది.

ఇప్పుడు ఆ కుప్ప పక్కన డిశ్చార్జి సమ్మరీ, అంటే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మందులు రాసిచ్చిన చీటీ, పెట్టండి. కొత్త మందు వేసుకోవడం మర్చిపోతామేమోనని అందరికీ టెన్షన్. నా భయం అది కాదు, పాత మందు మానకపోవడం. కొత్త చీటీలో ఉన్నవన్నీ బుద్ధిగా వేసుకుంటారు, అలవాటు కొద్దీ పాతవీ వేసుకుంటారు. మా నాన్నకు నేనే అలా చేశాను. రెండు రోజులు రెండు రకాల బీపీ బిళ్ళలు ఇచ్చాను. మూడో రోజు పొద్దున మంచం దిగగానే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారు. కొత్త బిళ్ళ, పాత బిళ్ళ బదులు ఇచ్చిందని తరవాత తెలిసింది. ఆ ముక్క చీటీలో ఎక్కడా లేదు, నేనూ అడగలేదు.

అందుకే ఒక తెల్లకాగితం తీసుకుని బల్ల మీదున్న ప్రతి మందు పేరూ, చీటీలో ఉన్న ప్రతి మందు పేరూ రాయండి. ఒక్కోదాని ఎదురుగా నాలుగు మాటల్లో ఒకటి పడాలి: అదే, మారింది, కొత్తది, ఆపేశారు. ఏ మాట రాయాలో తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి. ఆసుపత్రుల్లో దీన్ని మెడికేషన్ రీకన్సిలియేషన్ అంటారు. అంత బరువైన పేరు అక్కర్లేదు, ఇల్లు మారినప్పుడు సామాను సరిచూసుకోవడం లాంటిదే.

పేర్లు పోల్చేటప్పుడు మందుకు కంపెనీ పెట్టుకున్న పేరు చూడకండి. స్ట్రిప్పు మీదే మందు అసలు పేరు కూడా ఉంటుంది, అది చదవండి. పెట్టెలు వేరు, రంగులు వేరు, లోపల మందు ఒకటే అయ్యుండవచ్చు. అసలు పేర్లు వేరైనా తోక కలిసిందేమో చూడండి. ‘ప్రిల్’తో ముగిసేవన్నీ ఒక కుటుంబం, ‘సార్టాన్’ ఇంకొకటి, ‘ఓలాల్’ మరొకటి, కొలెస్ట్రాల్ తగ్గించే ‘స్టాటిన్’ వేరొకటి. ఒకే తోకవి రెండు కనిపిస్తే వెంటనే ప్రశ్న గుర్తు. ఇది నిర్ధారణ కాదు, అనుమానించడానికి ఆనవాలు మాత్రమే. ‘స్టాటిన్’ తోకే ఉన్నా నిస్టాటిన్ ఫంగస్ మందు, కొలెస్ట్రాల్‌తో దానికి సంబంధం లేదు.

చీటీలో పొడి అక్షరాలుంటే: ఓ.డి. రోజుకు ఒకసారి, బి.డి. రెండుసార్లు, టి.డి.ఎస్. మూడుసార్లు, హెచ్.ఎస్. పడుకునే ముందు. ఎస్.ఓ.ఎస్. అంటే ప్రమాదం ముంచుకొచ్చిందని కాదు, అవసరమైతేనే అని.

ఇక అభ్యాసం. గుండెలో స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన ఒకాయన అనుకుందాం. పాత డబ్బాలో ఎనలాప్రిల్ 5, అటార్వాస్టాటిన్ 10, మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, ఒక జలుబు బిళ్ళ ఉన్నాయి. కొత్త చీటీలో రామిప్రిల్ 2.5, అటార్వాస్టాటిన్ 40, ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, మెటాప్రొలాల్ 25, పాంటాప్రజోల్ 40, ఎస్.ఓ.ఎస్. అని పారాసెటమాల్ 650 ఉన్నాయి. అంకెలన్నీ మిల్లీగ్రాములు. కింద చదవకుండా ఆ నాలుగు మాటలూ మీరే పెట్టి చూడండి.

పెట్టారా? అటార్వాస్టాటిన్ ‘మారింది’. పాత 10కి కొత్త 40 కలిపి 50 వేసుకోమని కాదు, 10 స్ట్రిప్పు ఇక బల్ల దిగాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఒకే తోకవి. రెండూ కలిస్తే బీపీ బాగా పడిపోవచ్చు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు. ఒకటి తీసి ఇంకొకటి ఇచ్చారని దాదాపు తెలిసిపోతోంది, అయినా అడిగాకే ‘ఆపేశారు’ అని రాయండి. డైక్లోఫెనాక్ దగ్గరే చాలామంది జారతారు. బీపీకో సుగరుకో వేసుకునేదైతేనే మందు, నొప్పి బిళ్ళ లెక్కలోకి రాదనుకుంటారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవి. వాటితో డైక్లోఫెనాక్ కలిస్తే కడుపులో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది, గుండెకూ అది మంచిది కాదు. డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

జలుబు బిళ్ళ వెనక చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. నొప్పికని 650 వేసుకుంటూ జలుబుకని ఇదీ వేసుకుంటే లెక్క తెలియకుండానే పెరుగుతుంది. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయానికి దెబ్బ. డాక్టరు ఇంకా తక్కువ చెబితే ఆ తక్కువే మీ హద్దు. పైగా జలుబు బిళ్ళల్లో ముక్కుదిబ్బడ తగ్గించే మందు ఉంటే అది బీపీ పెంచవచ్చు.

మిగిలినవి ‘కొత్తవి’. కొత్తదాని పక్కన ఇంకో గడి గీసి ‘ఎన్నాళ్ళు?’ అని రాయండి. కడుపులో యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ లాంటివి కొన్ని వారాలకని మొదలై, ఎవరూ ఆపమనకపోవడంతో ఏళ్ళ తరబడి సాగుతుంటాయి. క్లోపిడోగ్రెల్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. మెటాప్రొలాల్ కూడా ఉన్నపళంగా మానకూడదు. ‘ఎన్నిసార్లు’ అన్నదీ రెండుసార్లు చూసుకోండి. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ప్రశ్న గుర్తులన్నీ ఒకచోట రాసుకుని, తరవాతి డోసు వేళ కాకముందే డిశ్చార్జి చేసిన డాక్టరుకో, వార్డుకో ఫోన్ చెయ్యండి. వాళ్ళు దొరక్కపోతే ఫార్మసిస్టును అడగండి. “ఈ మందు వేసుకోవచ్చా?” అంటే సగం జవాబే వస్తుంది. “ముందు ఎనలాప్రిల్ వాడేవారు, ఇప్పుడు రామిప్రిల్ రాశారు. పాతది ఆపేసినట్టేనా?” అని రెండు పేర్లూ చెప్పి అడగండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కన రాసుకోండి.

ఆపేసినవాటిని ఒక కవరులో వేసి, పైన ‘వాడకూడదు’ అని రాసి, వేరే గదిలో పెట్టండి. వెనక్కి తీసుకునే మందుల షాపు ఉంటే అక్కడ ఇచ్చెయ్యండి. మళ్ళీ పనికొస్తాయని అదే డబ్బాలో అడుగున పెట్టొద్దు. రాత్రిపూట కళ్ళజోడు లేకుండా తీసే చెయ్యి అడుగు, పై అని చూడదు.

వచ్చే పాఠంలో పూటల పట్టిక వేద్దాం. దానికోసం మూడు రోజులు రోగి లేచిన వేళ, తిన్న వేళలు, పడుకున్న వేళ ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఉండాల్సిన వేళలు కాదు, నిజంగా జరిగినవి.