ఇంటి కంప్యూటర్ పాఠాలు – 9: కొత్త విండోస్ వేయించాలా, ఆగాలా?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, లెక్కల ఫైళ్లు విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ని వేరే ఇంట్లో పెట్టమన్నాను. వేరే ఇల్లు ఎందుకని అడిగినవాళ్లు 2014 అక్టోబరు 12ని గుర్తు చేసుకోండి. విశాఖలో హుద్‌హుద్ తుఫాను కిటికీలు ఊడబెరికిన గదిలో కంప్యూటరూ, దాని కాపీ ఉన్న డిస్కూ పక్కపక్కనే ఉంటే రెండూ తడుస్తాయి. కాపీ చేయనివాళ్లు ఇక్కడే ఆగి ఆ పని ముగించుకుని రండి. ఈ పాఠమంతా ఆ ధైర్యం మీదే నడుస్తుంది.

కొత్త విండోస్ వచ్చిన ప్రతిసారీ నన్నడిగే మాట ఒకటే: "మాస్టారూ, కొత్తది బాగుందా?" బాగుండొచ్చు. అది మీకు అక్కర్లేని సంగతి. మీరు అడగాల్సింది మీ బల్ల మీద ఉన్న సామానుని: వీటిలో అన్నిటికన్నా పాతది ఏది, అది కొత్తదానితో కాపురం చేస్తుందా?

ఇది నేను నేర్చుకున్నది నా తప్పు వల్లే. విశాఖ అక్కయ్యపాలెంలో తెలిసినాయన డీటీపీ షాపు. మాఘమాసం పెళ్లిళ్ల ముందు ఒక రాత్రి, ఉత్సాహం కొద్దీ నేనే కూర్చుని ఆయన సిస్టమ్‌కి కొత్త విండోస్ వేశాను. తెర తళతళలాడింది, ఇద్దరం టీ తాగాం. పొద్దున్నే ఫోను. "ఏటి మాస్టారూ, తెల్లారీసరికి ఇలాగైపోనాది?" తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు. దానికో తాళం ఉంది, పెన్‌డ్రైవ్‌లాంటి చిన్న ముక్క. కొత్త విండోస్ ఆ ముక్కను గుర్తుపట్టలేదు. మూడు శుభలేఖల ప్రూఫులు ఆ వారం పక్క షాపుకి పోయాయి.

జరిగిందేమిటంటే, పాతది 32 బిట్ విండోస్, నేను వేసింది 64 బిట్‌ది (విండోస్ ఒక్కసారికి ఎంత సమాచారం పట్టుకుంటుందన్న లెక్క ఇది). మామూలు 32 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడుస్తాయి. కానీ డ్రైవర్ల సంగతి వేరు. ప్రింటర్‌కో, స్కానర్‌కో, తాళం ముక్కకో విండోస్‌తో మాట్లాడించే ఆ చిన్న ప్రోగ్రాము 64 బిట్‌ది లేకపోతే ఆ పరికరం ఉన్నా లేనట్టే. విండోస్ 11లో అసలు 32 బిట్ రకమే లేదు. మరీ పాత 16 బిట్ ప్రోగ్రాములైతే ఆశ వదులుకోవాలి. మీది ఏదో చూసుకోవడానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరిచి "సిస్టమ్ టైప్" అన్న వరుస చదవండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఫోనులో వద్దు, కాగితమే. ఎడమ వైపు ఈ కంప్యూటర్‌తో మీరు నిజంగా చేసే పనులు రాయండి: జీఎస్టీ రిటర్నులు, పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు, అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియో కాల్. మధ్యలో ఆ పనికి కావలసిన ప్రోగ్రామూ పరికరమూ రాయండి. డిజిటల్ సంతకం టోకెన్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ లాంటివి మరిచిపోతారు, బల్ల కిందికి కూడా వంగి చూడండి. కుడి వైపు, ఆ పని ఆగిపోతే ఎన్నాళ్లు ఓర్చుకోగలరో రాయండి. వీడియో కాల్‌కి ఫోనుంది, నెలైనా ఫరవాలేదు. జీఎస్టీ గడువు ముందు టోకెన్ పని చేయకపోతే ఒక్క పూట కూడా ఓర్చుకోలేరు. ఓర్పు తక్కువున్న వరుసలు రెండో మూడో తేలతాయి. ఆ పరికరం తయారీదారు సైట్‌లో కొత్త విండోస్ పేరుతో డ్రైవర్ ఉందో లేదో చూడండి. లేకపోతే నిర్ణయం అయిపోయింది: ఆగండి.

తెలుగులో రాసుకునేవాళ్లకి ఇంకొకటి. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి మనం గౌతమి ఫాంటులో టైపు చేసిన ఫైళ్లు బోలెడు. విండోస్ 10 నుంచి గౌతమి అన్నిసార్లూ దానంతటదే వెంట రాదు. కొత్తగా వేసిన సిస్టమ్‌లో అదే ఫైలు వేరే ఫాంటులో తెరుచుకుని పేజీలు చెదిరిపోవచ్చు. కంగారు పడకండి. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, అది వేసుకుంటే గౌతమి తిరిగొస్తుంది.

ఇక యంత్రం సంగతి. విండోస్ మీటా, ఆర్ మీటా కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అన్న ఆరక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఇప్పుడున్న విండోస్ ఏదో చెబుతుంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ కంపెనీ చెప్పే కనీస అవసరాలు: 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు, ఇంకా కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్. ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి ఆ జాబితాలోకి వస్తాయి. 4 జీబీ అనేది బస్సు మెట్టు మీద వేలాడుతూ ప్రయాణం లాంటిది. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన డిస్క్) లేకుండా నేనైతే ఎవరికీ వేయించుకోమని చెప్పను. పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాము మీ సిస్టమ్ సరిపోతుందో లేదో ఉచితంగా చెబుతుంది. "టీపీఎమ్ లేదు" అంటే వెంటనే కొత్త కంప్యూటర్ కొనేయకండి. చాలా యంత్రాల్లో అది ఉంటుంది గానీ బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఆపి ఉంటుంది. ఇంటెల్ వాటిలో పీటీటీ అని, ఏఎమ్‌డీ వాటిలో ఎఫ్‌టీపీఎమ్ అని కనిపిస్తుంది. అయితే బయోస్‌లో చేయి పెట్టేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ, 48 అంకెలది, కాగితం మీద రాసుకోండి. లేకపోతే మీ ఇంటికి మీరే బయట నిలబడతారు.

సరిపోని యంత్రం మీద అడ్డదారిన వేసిచ్చే కుర్రాళ్లు ద్వారకానగర్‌లో దొరుకుతారు. వేయడం వచ్చు, నిజమే. అలా వేసిన సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మాత్రం లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. భద్రత కోసం మారుతూ ఆ భద్రతే వదులుకోవడం ఎందుకు?

అన్నీ సరిపోయాయి. అయినా మొదటి రోజే వద్దు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్ని రోజుల్లోనే ఆపేసి, నవంబరులో సరిచేసి మళ్లీ వదిలింది. విండోస్‌కి బదులు కొందరు వాడే ఉబుంటు వాళ్లదైతే పద్ధతే అలా ఉంటుంది: ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి మద్దతు ఉండే రకం) వాడేవాళ్లకి 24.04 ఏప్రిల్ 2024లో వచ్చినా, పాత ఎల్‌టీఎస్ నుంచి మారమన్న కబురు ఆగస్టులో 24.04.1 వచ్చాకే పంపారు. తయారు చేసినవాళ్లే నాలుగు నెలలు ఆగుతుంటే మనకి తొందరేమిటి? నా లెక్క మూడు నుంచి ఆరు నెలలు.

ఈ ఆగమనడం కొత్త విండోస్‌కే. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్‌ని ఆపకండి. 2017 మేలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ ప్రపంచమంతా తిరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లకీ తగిలిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. దానికి విరుగుడు అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చి ఉంది.

ఆగడానికి గడువూ ఉంటుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది; ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు మరో ఏడాదని కంపెనీ ప్రకటించింది. ఆ తర్వాత నెట్‌కి తగిలించి, అందులో బ్యాంకు పని చేయడం నేను ఒప్పుకోను. మా డీటీపీ ఆయన చివరికి ఎంచుకున్న దారి నాకు నచ్చింది. పాత విండోస్‌నే మళ్లీ వేయించి, ఆ సిస్టమ్‌కి నెట్ తీగ పీకేశారు. తాళం ముక్క, పాత సాఫ్ట్‌వేర్ అక్కడే. మెయిళ్లకీ, వాట్సాప్‌లో వచ్చే శుభలేఖ మేటర్‌కీ వేరే చిన్న సిస్టమ్. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ, మధ్యలో వైరస్ స్కాన్ ఒకటి.

వేసేద్దామనే తేలితే మూడు మాటలు. షాపులో ఇస్తే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అనేస్తారు; మీ డెస్క్‌టాప్ మీదున్నవీ, డాక్యుమెంట్స్‌లో ఉన్నవీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి, వాటికి కాపీ ఉందని మీ కళ్లతో చూశాకే ఊ అనండి. ఇంట్లో చేస్తే యూపీఎస్ మీద చేయండి, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న రోజున అసలు మొదలుపెట్టకండి. ఫార్మాట్ లేకుండా పాతదాని మీదే ఎక్కించుకున్నవాళ్లకి సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అందులో గో బ్యాక్ ఉంటుంది. అది పది రోజులే. అందుకే మొదటి రోజు వాల్‌పేపర్లు మార్చుకుంటూ కూర్చోకుండా మీ కాగితం ముందు పెట్టుకుని ప్రతి వరుసా చేసి చూడండి: ఒక బిల్లు ప్రింటు తీయండి, టోకెన్‌తో ఒకసారి లాగిన్ అవ్వండి, పాత తెలుగు ఫైలొకటి తెరవండి.

ఈ వారం పని: కాగితం పూర్తి చేయండి. ప్రతి పరికరం పక్కన కొన్న సంవత్సరం వేయండి. బిల్లు పోయి ఉంటే పరికరం అడుగున ఉన్న స్టిక్కరు చూడండి, చాలా వాటి మీద తయారీ సంవత్సరం ఉంటుంది. అన్నిటికన్నా పాతదాని చుట్టూ సున్నా చుట్టండి. పదో పాఠం దానితోనే మొదలుపెడతాం.