పాత రేడియోకి కొత్త పూత వేయించే ముందు

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ కాలం వాల్వు రేడియోలు ఇప్పుడు ఒక్కొక్కటే అటకలు దిగుతున్నాయి. వెనక అట్ట విప్పితే చాసిస్ మీద, అంటే భాగాలన్నీ బిగించే ఇనప చట్రం మీద, తుప్పు, మసకబారిన పూత. గీకేసి ఆటోనగర్‌లో ప్లేటింగ్‌కి (కరెంటుతో లోహపు పూత వేయడానికి) ఇస్తే సరిపోతుందని అనిపిస్తుంది. నన్నడిగితే, ఇవ్వడం కంటే ఆ గీకడంతోనే పెద్ద ప్రమాదం.

అప్పటి ఇనప చాసిస్‌లకి, నట్లకి చాలావాటికి కాడ్మియం అనే విషపు లోహం పూత ఉండేది. జింకు కూడా చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది, కంటితో తేల్చి చెప్పలేం. కాబట్టి కాడ్మియమే అనుకుని పని మొదలుపెట్టండి. దాని పొడి ఊపిరితిత్తులకి చేటు. ఒంట్లోకి వెళ్లిందంటే ఏళ్ల తరబడి కిడ్నీల్లో పేరుకుంటుంది. ఎమరీ పేపరు, గ్రైండర్, ఇనప్పీచు ఏదీ వద్దు. గ్యాస్ టార్చ్ అసలే వద్దు. కాడ్మియం 321 డిగ్రీలకే కరుగుతుంది, దాని పొగ పొడి కంటే ప్రమాదం. గ్లవ్స్ వేసుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి విడిగా ఉంచండి. పూత మరీ పాడవకపోతే అంతటితో వదిలేయడమే నయం.

విప్పే ముందు ప్లగ్ తీసేయాలని చెప్పక్కర్లేదు. తీసినా కరెంటుని నిలవ ఉంచే కండెన్సర్లలో 200 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

ప్లేటింగ్‌కి ఇచ్చేటప్పుడు ‘పాతది కాడ్మియం కావచ్చు’ అని నోరు తెరిచి చెప్పండి. పాత పూతని యాసిడ్‌లో కరిగిస్తే ఆ విషం యాసిడ్‌లోకే వస్తుంది. అందుకే బాత్రూం యాసిడ్‌తో ఇంట్లో ఆ పని పెట్టుకుని, మిగిలింది బందరు కాలవలో కలిసే మురుగులో పారబోయొద్దు. వ్యర్థాల్ని శుద్ధి చేసే ఏర్పాటున్న షాపుకే ఇవ్వండి.

స్ప్రింగులు మాత్రం ఇవ్వకండి. స్టేషన్ ముల్లుని కదిపే డయల్ దారాన్ని లాగిపట్టే చిన్న స్ప్రింగు మెరవాలని ఓసారి ఆశపడ్డాను. అద్దంలా వచ్చింది. బిగించిన రెండో రోజే టప్పున తెగి, దారం చుట్టంతా ఊడిపోయింది. యాసిడ్‌లో, ప్లేటింగ్ తొట్టిలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుందట. అది బయటికి పోవాలంటే పూత వేసిన వెంటనే 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిలో ఉంచాలి. అంత ఓపిక షాపువాళ్లకి ఉంటుందా? కిరోసిన్‌తో కడిగి, చుక్క నూనె రాస్తే చాలు.

ఇంట్లోనే వెనిగర్‌తో నికెల్ ప్లేటింగ్ చేసేవాళ్లు నికెల్ ముక్కకి బదులు స్టీలు స్పూను వాడితే దాంట్లోని క్రోమియం కరిగి, క్యాన్సర్ తెచ్చే రూపంలోకి మారే ప్రమాదం ఉంది. కరెంటు పెట్టినప్పుడు హైడ్రోజన్ వస్తుంది, కిటికీలు తీసి ఉంచండి, నిప్పు దగ్గరికి రానివ్వొద్దు.

రివెట్లు కొట్టిన చాసిస్‌ని వానలకి ముందే పూర్తి చేయించండి. అతుకుల సందుల్లో యాసిడ్ చిక్కుకుంటే ముసురు పట్టాక కొత్త పూత కిందనుంచి తుప్పు గీతలై బయటికి వస్తుంది. వంటసోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, మే నెల ఎండలో మేడ మీద పెడితే గంటలో సందులతో సహా ఆరుతుంది. తీసేటప్పుడు గుడ్డ పట్టుకెళ్లండి, వేళ్లు కాలతాయి.