పరుపు మందం కాదు, బరువు చూడండి

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు పరుపు కనిపిస్తే అందరి కళ్లూ మందం మీద, "10 ఏళ్ల వారంటీ" మీద పడతాయి. నేనైతే ముందు బరువు ఎంత రాశారో వెతుకుతాను. ఫోమ్ ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు తేల్చేది దాని డెన్సిటీ, అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్నది. అది రాయనివాళ్లు కూడా బరువు రాస్తుంటారు. మిగతాది మనమే లెక్కేసుకోవచ్చు.

78×60×6 అంగుళాల క్వీన్ సైజు పరుపు సుమారు 0.46 ఘనపు మీటర్లు. 32 డెన్సిటీ ఫోమ్ అయితే 14, 15 కిలోలు తూగాలి. తొమ్మిదో పదో కిలోలే ఉందంటే డెన్సిటీ 20 దగ్గరే. రోజూ పడుకుంటే నడుము దగ్గర తొందరగా గుంట పడుతుంది. ఎప్పుడో వచ్చే చుట్టాల గదికైతే సరే, అమ్మానాన్నల మంచానికి మాత్రం వద్దు. (ఈ లెక్క మామూలు ఫోమ్‌కే. కొబ్బరి పీచు, ఫోమ్ ముక్కలు అతికించి చేసే రీబాండెడ్, స్ప్రింగు పరుపులకు పనికిరాదు.)

"మెమరీ ఫోమ్" (ఒంటి ఆకారానికి తగ్గట్టు ఒదిగే ఫోమ్) అన్న మాట చూసి ఆగిపోకండి, ఆ పొర ఎన్ని అంగుళాలో అడగండి. మా ఇంటికొచ్చినదాని జిప్పు తీసి చూస్తే అది నా చిటికెన వేలంత మందం కూడా లేదు. తిప్పి పంపేశాం.

అలా పంపడం కుదరాలంటే ట్రయల్ షరతులు ముందే చదవాలి: మీ పిన్‌కోడ్‌కి వచ్చి తీసుకెళ్తారా, డబ్బు మొత్తం వెనక్కిస్తారా? వారంటీలో గుంట ఎంత లోతు పడితే ఒప్పుకుంటారో కూడా చూడండి.

ఆర్డర్ పెట్టేముందు మంచం లోపలి కొలత టేపుతో తీసుకోండి. 72, 75, 78 అంగుళాల పొడవులు మూడూ దొరుకుతాయి.