పంది ఎముకల సూపులో పల్లీ మెత్తబడకపోతే

సమస్య: దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ఇళ్లలో పంది పక్కటెముకలు, పచ్చి పల్లీలు, అల్లం కలిపి సన్నని సెగ మీద రెండు మూడు గంటలు కాచే సూపులో, పల్లీని నాలుకతో అంగిలికి నొక్కితే నలిగిపోవాలి. మాంసం ఎముక నుంచి ఊడివస్తున్నా గింజ మాత్రం పంటి కింద కరకరలాడుతుంటే చాలామంది మంట పెంచుతారు. దానివల్ల మాంసం పీచులుగా విడిపోతుందే తప్ప గింజలో మార్పు ఉండదు.

ముందు చూడవలసినవి: వేసినవి పచ్చి పల్లీలేనా, రాత్రంతా నానాయా? ఇది చెప్పనక్కరలేని మాటే అయినా, వేయించిన పల్లీలు పోసి కారణం అడిగేవారు ఇప్పటికీ తగ్గలేదు.

అసలు కారణం: ఆ రెండూ సరిగ్గా ఉంటే నీటిని అనుమానించాలి. బోరు నీటిలో కందిపప్పు ఉడకదని తెలిసినవారు కూడా, మాంసం చక్కగా ఉడికింది కనుక నీటిలో లోపం లేదనుకుని పల్లీలు అమ్మిన కొట్టును మారుస్తారు. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం గింజ కణాలను అతికించి ఉంచే, వాటి గోడల్లోని పెక్టిన్ అనే పదార్థాన్ని బిగించి ఉంచడం వల్ల అది కరగదు. మాంసానికి ఆ ఇబ్బంది లేదు. ఈ బిగింపు నానబెట్టినప్పుడే మొదలవుతుంది కాబట్టి, బోరు నీటిలో నానబెట్టి ఆర్‌ఓ నీటిలో ఉడికించినా ఫలితం సగమే. పైగా ఆవిరైన కొద్దీ మళ్లీ అదే నీటిని పోస్తుంటే గిన్నెలో ఖనిజాలు పెరుగుతూ పోతాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టిందేమో చూడండి; కడితే అది కఠినజలమే. ఇంకా సందేహం ఉంటే గుప్పెడు పల్లీలను రెండు వాటాలు చేసి, ఒకదాన్ని బోరు నీటిలో, మరొకదాన్ని ఆర్‌ఓ నీటిలో నానబెట్టి, అదే నీటిలో గంటసేపు ఉడికించి, వేళ్లతో నలిపి చూడండి.

పరిష్కారం: నానబెట్టడానికీ, కాచడానికీ, మధ్యలో పోయడానికీ ఆర్‌ఓ నీటినే వాడండి. ఇప్పటికే పొయ్యి మీద ఉన్న సూపు నుంచి పల్లీలను తీసి, ఆర్‌ఓ నీటితో కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, తిరిగి కలపండి. వంటసోడా జోలికి పోవద్దు. గింజ మెత్తబడినా సూపుకు సబ్బు రుచి వస్తుంది.

మిగిలినవి: టమాటా వేస్తే దాని పులుపు కూడా గింజను గట్టిగా ఉంచుతుంది. సూపు మీద బూడిదరంగు తెట్టు తేలితే, ఎముకలను చన్నీళ్లలో వేసి ఒక పొంగు రానిచ్చి కడగలేదన్నమాట. చేదుగా ఉంటే, సూపులో వేసిన ఎండు కమలాతొక్క లోపలి తెల్లపొరను గీకలేదేమో చూడండి. పల్లీల వల్ల వచ్చే పాలవంటి మసక దోషం కాదు. బూజు వాసన వచ్చే పల్లీలను మాత్రం పారేయవలసిందే.